మన్యంలో ఒక్కరాత్రి సినిమా

ఆరుబయట తెర కట్టి, ఒకటి రెండు ఆటలు వేసి, తెల్లారేసరికి సామాను సర్దుకుని వెళ్లిపోయే సినిమాకు నగరాల్లో ఈమధ్య కొత్త హోదా వచ్చింది. మేడల మీదా, పార్కుల్లోనూ, హోటళ్ల పెరళ్లలోనూ దుప్పట్లు పరుచుకుని సినిమా చూడటం అక్కడివాళ్లకు వారాంతపు సరదా. పారిస్‌లోని లా విల్లెట్ పార్కులో 1990 నుంచి వేసవి రాత్రుల్లో ఇలాంటి ఉత్సవం జరుగుతోంది. స్విట్జర్లాండ్‌లోని లొకార్నో చిత్రోత్సవంలో ఊరి నడిబొడ్డున ఉన్న చౌకులోనే తెర కట్టి, దాదాపు ఎనిమిది వేల మందికి కుర్చీలు వేస్తారు. హైదరాబాదులో 2010లో బంజారాహిల్స్‌లో మొదలైన లామకాన్ ఆవరణ కూడా హాలు గోడలు లేకుండా సినిమా చూడటాన్ని నగరానికి మళ్లీ అలవాటు చేసిన చోట్లలో ఒకటి.

అరకు లోయకూ, దాని చుట్టూ పరుచుకున్న తూర్పు కనుమల మన్యానికీ వచ్చేసరికి కథ తిరగబడుతుంది. అక్కడ పక్కా హాలు తర్వాతి సంగతి. చాలా గూడేలకు సినిమా మొదట పరిచయమైంది ఒక్కరాత్రి తెర మీదే. నగరం ముచ్చటపడి ఎంచుకున్న పద్ధతిని మన్యానికి అక్కడి నేలే విధించింది.

అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, విశాఖపట్నానికి 115 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అది ఒక మూల. జిల్లా కేంద్రం పాడేరు. డుంబ్రిగుడ, ముంచింగిపుట్టు, పెదబయలు, హుకుంపేట, జి.మాడుగుల, చింతపల్లి మండలాల్లో ఊరంటే చాలాచోట్ల కొన్ని పదుల ఇళ్లు. ఆ ఊరికీ పక్క ఊరికీ మధ్య ఒక గెడ్డ, ఒక కొండ. సినిమా హాలు బతకాలంటే రోజూ మూడు నాలుగు ఆటలకు జనం రావాలి. ఆట చూసి రాత్రికి ఇల్లు చేరగల దూరంలో అంతమంది ఉండాలి. కొండ ఊళ్లలో ఆ లెక్క కుదరదు. అయితే వారపు సంతనాడు అదే కొండల్లోంచి వందల మంది ఒకచోటికి దిగుతారు. మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర జరిగే మూడు రోజులూ వేల మంది పోగవుతారు. జనం ఎప్పుడూ ఒకేచోట ఉండని ప్రాంతంలో, జనం చేరిన చోటికి తెర వెళ్లాలి. ఒక్కరాత్రి సినిమా వెనకున్న ఆర్థిక సూత్రమంతా ఇంతే.

డేరా నుంచి మొదలు

నిజానికి సినిమా పుట్టిన కొత్తలో అన్నిచోట్లా ఇలాగే తిరిగింది. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ సోదరుల చిత్రాలు చూపించినప్పుడు దేశంలో సినిమా హాలన్నదే లేదు. దక్షిణాదిన 1905లో తిరుచిరాపల్లి రైల్వే ఉద్యోగి సామికన్ను విన్సెంట్ ఒక ఫ్రెంచి ప్రదర్శకుడి దగ్గర యంత్రాన్నీ, ఫిల్ములనూ కొని, డేరా వేసి ఊరూరా చూపిస్తూ బయల్దేరాడు. తెలుగువారిలో ఈ దారి పట్టిన తొలి పెద్ద పేరు రఘుపతి వెంకయ్య నాయుడు. మచిలీపట్నానికి చెందిన ఈయన మద్రాసులో ఫొటో స్టూడియో నడిపేవారు. 1910 ప్రాంతంలో గోమాంట్ కంపెనీ వారి క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. బొమ్మను ఫిల్ము మీద, మాటను రికార్డు మీద నడుపుతూ, ఆ ధ్వనిని వత్తిడి గాలితో పెద్దది చేసే యంత్రమది. విద్యుత్ యాంప్లిఫయర్ లేని కాలంలో డేరా చివర కూర్చున్నవాడికి కూడా మాట వినిపించిందంటే ఆ గాలి చలవే. మద్రాసులో గుడారం వేసి మొదలుపెట్టి బర్మా, సింహళం దాకా తిరిగి ప్రదర్శనలిచ్చాకే ఆయన మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు. తెలుగు సినిమాకు పితామహుడని పేరు తెచ్చుకున్న మనిషి తొలి వ్యాపారం డేరా సినిమా కావడం గుర్తుంచుకోదగ్గది. ఆంధ్ర ప్రాంతంలో తొలి శాశ్వత సినిమా హాలుగా చెప్పే విజయవాడ మారుతీ టాకీస్ 1921లో గానీ రాలేదు.

పక్కా హాళ్లు పెరిగాక కూడా డేరా పోలేదు. టూరింగ్ టాకీస్ పేరుతో స్థిరపడింది. పొలాల మధ్య ఖాళీ స్థలం, చుట్టూ తడికెలో గుడ్డ గోడలో, ఒక కొసన తెర, ఇంకో కొసన యంత్రం ఉండే గది, పక్కనే ఆయిలింజను. నేల, బెంచీ, కుర్చీ అని టికెట్లు మూడు తరగతులు. నేల టికెట్టువాళ్లు ఇసుకను గుట్టగా పోగుచేసుకుని దాని మీద కూర్చుంటే, వెనకవాళ్లు తెర కనబడక తగువు పెట్టుకునేవారు. పగలు బండికి రెండువైపులా పోస్టర్లు కట్టి, మైకులో కేకలేస్తూ, పాంప్లెట్లు విసురుతూ ఊళ్లు తిరిగేవారు. సాయంత్రం మైకులో ఘంటసాల పాడిన ‘నమో వెంకటేశా’ రికార్డు మొదలైందంటే ఆట దగ్గరపడినట్టు. ఆ పాట చెవిన పడగానే అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తిన తరాలు కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఈ డేరాలకు ఉన్న పెద్ద భయం నిప్పు. 1950ల మొదటి వరకు 35 ఎం.ఎం. ఫిల్ము నైట్రేటు మీద తయారయ్యేది. అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. తాటాకు కప్పు, తడికెల గోడ, లోపల కార్బన్ కడ్డీల మంటతో వెలిగే ప్రొజెక్టరు: ఇంతకన్నా ప్రమాదకరమైన కూర్పు ఊహించడం కష్టం. నైట్రేటు పోయాక కూడా తాటాకు ఉండిపోయింది. 1979లో తూత్తుకుడిలో ఒక టూరింగ్ టాకీసు తగలబడి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. యంత్రం గదికి మంట తట్టుకునే గోడలు ఉండాలనీ, ప్రేక్షకుల తలుపులు బయటికి తెరుచుకోవాలనీ సినిమా నిబంధనలు అంతగా పట్టుబట్టడానికి కారణం ఇలాంటి ఘోరాలే.

కొండెక్కిన 16 ఎం.ఎం.

టూరింగ్ టాకీసుకు ఒకేచోట వారాల తరబడి ప్రేక్షకులు కావాలి. అందుకే అది మైదానంలోని పెద్ద ఊళ్లకు అచ్చొచ్చింది. శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కాల్సి వచ్చినప్పుడు చిన్న యంత్రం కావలసి వచ్చింది. ఆ పని 16 ఎం.ఎం. ప్రొజెక్టరు చేసింది.

కారణం బరువులో ఉంది. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల తెలుగు సినిమా అంటే 13,500 అడుగులు, పద్నాలుగు పదిహేను రేకు డబ్బాలు. అదే సినిమా 16 ఎం.ఎం.లో నిమిషానికి 36 అడుగులే. మొత్తం 5,400 అడుగులు నాలుగు పెద్ద రీళ్లలో సరిపోతుంది. ప్రొజెక్టరు పెట్టెను ఒక మనిషి మోసుకుపోవచ్చు. పైగా 1923లో కొడాక్ ఈ సైజును తెచ్చినప్పటి నుంచి దాన్ని సులువుగా అంటుకోని ఎసిటేట్ మీదే తయారు చేశారు కాబట్టి యంత్రానికి ప్రత్యేక గది అక్కర్లేదు. బడి అరుగు మీద బల్ల వేసి దాని మీద పెట్టి నడపొచ్చు.

ఈ సౌలభ్యాన్ని ముందుగా వాడుకున్నది ప్రభుత్వం. డాక్యుమెంటరీలు తీయడానికి 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడింది. పంచవర్ష ప్రణాళికల ప్రచారానికి 1953లో మొదలైన విభాగమే తర్వాత క్షేత్ర ప్రచార విభాగం అయింది. జీపులోనో వ్యానులోనో ప్రొజెక్టరు, జనరేటరు, మడత తెర వేసుకుని ఈ సిబ్బంది రోడ్డు పోయినంత దూరం పోయేవారు. మలేరియా, మశూచి టీకాలు, చిన్న కుటుంబం, కొత్త వంగడాలు, ఆనకట్టలు: ముందు ఇవన్నీ చూడాలి. జనం కూర్చునేది చివర్లో వేసే కథా చిత్రం కోసమని వేసేవాళ్లకూ తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. 2017 డిసెంబరులో ఈ విభాగాన్ని ఇతర ప్రచార శాఖలతో కలిపేశారు. ఇప్పుడది కేంద్ర సమాచార బ్యూరోలో భాగం.

ప్రభుత్వ వ్యానుకు తోడు పండుగ సినిమా ఉండేది. శ్రీరామనవమికో, వినాయక చవితికో, అమ్మవారి జాతరకో ఊరివాళ్లు చందాలు పోగుచేసి 16 ఎం.ఎం. ఆపరేటరును కుదుర్చుకునేవారు. రెండు వెదురు గడలు పాతి మధ్యలో తెల్ల గుడ్డ లాగి కడితే హాలు సిద్ధం. గుడ్డ పలచగా ఉంటుంది కాబట్టి బొమ్మ రెండువైపులా కనబడుతుంది. ముందు చోటు చాలనివాళ్లు వెనక్కి పోయి కూర్చునేవారు. అటునుంచి చూస్తే అంతా కుడి ఎడమై, కథానాయకుడు ఎడమచేత్తో కత్తి తిప్పుతాడు, పేర్లు అద్దంలో అక్షరాల్లా తిరగబడతాయి. అక్షరాలు చదవడం రానివాళ్లకు ఏ వైపు కూర్చున్నా ఒకటే సినిమా. ప్రొజెక్టరు ఒక్కటే కావడంతో 1,600 అడుగుల రీలు అయిపోగానే, అంటే ముప్పావుగంటకొకసారి, ఆట ఆగాల్సిందే. ఆపరేటరు దీపం ఆర్పకుండా ఖాళీ గేటుతో రీలు మార్చుతుంటే ఆ తెల్లటి వెలుగులోకి పిల్లలు చేతులు పెట్టి కుక్క తలలూ, కొంగ మెడలూ వేసేవారు. ఆ నాలుగు నిమిషాలు తోలుబొమ్మలాట నడిచేదన్నమాట.

అన్ని సినిమాలూ ఈ తెరకు లొంగేవి కావు. 1974 మే 1న విడుదలైన ‘అల్లూరి సీతారామరాజు’ మన్యం కథ. చాలా భాగం చింతపల్లి కొండల్లోనే తీశారు. చిత్రీకరణ మధ్యలో దర్శకుడు వి.రామచంద్రరావు కన్నుమూయగా మిగతాది ఇతరుల చేతుల మీదుగా పూర్తయింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం కూడా అదే. స్కోప్‌లో బొమ్మను ఫిల్ము మీద అడ్డంగా నొక్కి ముద్రిస్తారు. చూపేటప్పుడు ప్రత్యేక కటకంతో మళ్లీ సాగదీయాలి. ఆ కటకం లేని యంత్రంలో వేస్తే తెర మీద మనుషులంతా సన్నబడి పొడుగవుతారు. కటకం ఉన్నా తెర వెడల్పు ఎత్తుకు రెండున్నర రెట్ల దాకా ఉండాలి. రెండు గడల మధ్య కట్టిన పాత తెర సరిపోదు. మన్యం వీరుడి సినిమాను మన్యంలో ఆరుబయట సరిగ్గా చూపడానికి మైదానపు సినిమాల కన్నా ఎక్కువ సరంజామా కావలసి వచ్చింది.

1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించిన సైట్ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా ఉన్నాయి. ఊరందరికీ కలిపి ఒక్క పెట్టె, ఆరుబయట కూర్చుని చూడటం: రూపంలో అదీ వీధి సినిమాయే. ఆ తర్వాత వీడియో వచ్చి 16 ఎం.ఎం.ను తుడిచిపెట్టేసింది. రాత్రికి అద్దెకు తెచ్చిన కలర్ టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు, తెల్లవార్లూ సినిమాలు. తెర కుంచించుకుపోయి వంద మంది ఇరవై అంగుళాల పెట్టె ముందు మెడలు చాచారు. డిష్, కేబులు, చివరికి సెల్‌ఫోను వచ్చేసరికి సినిమా చూడటానికి పక్కవాడు అక్కర్లేకుండా పోయింది.

వెలుతురు లెక్క, గాలి లెక్క

పెద్ద తెర మళ్లీ తిరిగొచ్చింది డిజిటల్ ప్రొజెక్టరు వల్ల. బాడుగకు దొరికే మామూలు ప్రొజెక్టరు, ఒక ల్యాప్‌టాప్, రెండు స్పీకర్లు, రెండు కిలోవాట్ల చిన్న జనరేటరు ఉంటే చాలు. అన్నీ ఒక ఆటోలో పడతాయి. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి కావడిలో మోసుకుపోవచ్చు. అలా చూస్తే సులువే. కానీ ఆరుబయట, అందులోనూ కొండల్లో, బొమ్మ బాగా పడాలంటే తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది వెలుతురు. ప్రొజెక్టరు ఇచ్చే వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. ఆ అంకెను తెర చదరపు అడుగులతో భాగిస్తే బొమ్మ ఎంత ప్రకాశంగా ఉంటుందో అంచనా దొరుకుతుంది. మంచి హాల్లో ఆ భాగఫలం 14 నుంచి 16 మధ్య ఉంటుంది. 3,000 ల్యూమెన్ల ప్రొజెక్టరును 20 అడుగుల వెడల్పు, 11 అడుగుల చిల్లర ఎత్తున్న తెర మీద వేస్తే 13 వస్తుంది, హాలుకు దగ్గర్లోనే. పెద్దగా ఉంటే బావుంటుందని తెరను 40 అడుగులు చేస్తే వైశాల్యం నాలుగింతలై వెలుతురు మూడుకు పడిపోతుంది. రాత్రి సన్నివేశాల్లో ఏమీ కనబడదు. పెద్ద తెర మోజులో పాడైన ప్రదర్శనలే ఎక్కువ.

వెన్నెల రాత్రి సినిమాకు పనికిరాదన్న నమ్మకం చాలామందికి ఉంది. లెక్క చూస్తే అది నిజం కాదు. నిండు పున్నమి వెలుగు నేల మీద పావు లక్సు ఉంటే గొప్ప. వీధిలో కొత్తగా పెట్టిన ఎల్‌ఈడీ దీపం దానికి పదుల రెట్లు ఎక్కువ. తెరకు అసలు శత్రువు ఆ దీపం. దాన్ని ఆర్పించే వీలు చూసుకుంటే పున్నమినాడే ఆట వేయడం మేలు. పక్క గూడేలవాళ్లు కాలిబాటన తిరిగి వెళ్లడానికి వెన్నెల అక్కరకొస్తుంది.

రెండోది గాలి. గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే 20 అడుగుల తెర మీద దాదాపు వంద కిలోల తోపుడు పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలు. గడలు ఎంత లావువన్నది కాదు, వాటిని వెనక్కీ ముందుకూ పట్టి ఉంచే తాళ్లు ఎంత గట్టిగా కట్టారన్నదే తెరను నిలబెడుతుంది. వేసవి సాయంత్రాల్లో కొండల మీద అకస్మాత్తుగా ఈదురుగాలి లేస్తుంది కాబట్టి తెరను ఒక్క ముడి లాగితే జారి కిందపడేలా కట్టుకోవడం తెలివైన పని. గాలికి తెరను వదిలేస్తే గడలు మిగులుతాయి, గడల కింద కూర్చున్నవాళ్లూ మిగులుతారు.

చలికాలం తిప్పలు వేరు. అరకులో నవంబరు నుంచి జనవరి వరకు రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగే రోజులుంటాయి. చల్లబడిన కటకం మీద తేమ పేరుకుని బొమ్మ మసకబారుతుంది. ప్రొజెక్టరును ఆటకు అరగంట ముందే వెలిగించి వెచ్చబరచడం దీనికి సులువైన మందు. లోయలో ఇంకో వింత కూడా ఉంది. చలి రాత్రుల్లో బరువైన చల్లగాలి అడుగున చేరి, పైన వెచ్చటి గాలి పొర నిలుస్తుంది. ధ్వని ఆ పొరను తాకి కిందికి వంగి చాలా దూరం పోతుంది. అందువల్ల చిన్న స్పీకరు కూడా చక్కగా వినిపిస్తుంది. వినక్కర్లేని అవతలి ఊరికీ వినిపిస్తుంది. జనరేటరు మోత కూడా అంతే దూరం పోతుంది కాబట్టి దాన్ని తెర వెనక కాకుండా ఏ ఇంటి గోడ చాటునో పెట్టాలి.

ఏది చూపాలి, ఏ భాషలో

సాంకేతిక సమస్యలన్నీ డబ్బుతోనో ఓపికతోనో తీరేవే. తీరనిది ఇంకొకటి ఉంది: మన్యంలో తెర మీది మాట ఎవరి భాషలో ఉండాలి? అరకు చుట్టుపక్కల సంతలో పది మంది పోగైతే తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి, గదబ, కొండ భాషలు వినిపిస్తాయి. తెలుగు సినిమా పాటలు, పోరాటాలు అందరికీ అందుతాయి. పాలకొల్లు యాసలో పేలే హాస్యం మాత్రం ముసలివాళ్ల తల మీదుగా పోతుంది. ఆరోగ్యం మీద తీసిన డాక్యుమెంటరీ అయితే మరీ అన్యాయం. గ్రాంథికంగా చదివే వ్యాఖ్యానం ఏ గూడెం మాటకూ దగ్గరగా ఉండదు.

మూకీల కాలంలో దక్షిణాది డేరాల్లో తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాత ఉండేవాడు. బొమ్మలోని వ్యక్తుల మాటలన్నీ తానే పలికేవాడు. టాకీ వచ్చి ఆ మనిషికి పని పోగొట్టింది. కొండ ప్రాంతాల్లో ఆ పని ఇంకా మిగిలే ఉంది. ప్రదర్శనకు తోడు వచ్చిన ఆరోగ్య కార్యకర్తో, ఊరి చదువుకున్న కుర్రాడో నడుమ నడుమ బొమ్మ ఆపి తమ భాషలో విడమరిచి చెబితే గానీ విషయం ఎక్కదు.

ఈ పాత పద్ధతినే కొత్తగా పట్టుకున్న సంస్థ డిజిటల్ గ్రీన్. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో పరిశోధనగా మొదలై 2008లో విడి సంస్థ అయింది. పద్ధతి ఇది: ఊళ్లో రైతు చేసిన పనిని, ఆ రైతు నోటితోనే, పది నిమిషాల వీడియోగా తీస్తారు. దాన్ని అరచేతిలో పట్టే, బ్యాటరీతో నడిచే పికో ప్రొజెక్టరుతో పక్క ఊళ్లో ఇంటి గోడ మీదనో, కట్టిన పంచె మీదనో వేస్తారు. స్వయం సహాయక సంఘంలోని ఇరవై పాతిక మంది చూస్తారు. నడిపించే మనిషి మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతాడు, చివర ఎవరు ఏం చేయదలచుకున్నారో రాసుకుంటాడు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి సేద్యం కార్యక్రమంలో ఈ వీడియోలను విరివిగా వాడారు. ఈ ప్రొజెక్టరు వెలుతురు వంద ల్యూమెన్లు కూడా ఉండదు, బొమ్మ మూడు నాలుగు అడుగులు మించదు. అయినా కరెంటు లేకుండా, రోడ్డు లేకుండా ఎక్కడైనా వేయొచ్చు.

ఇలాంటి వీడియోల వల్ల మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు ఒడిశాలోని కియోంఝర్ జిల్లాలో 2016 తర్వాత ఉపవన్ అనే పెద్ద పరీక్ష జరిగింది. 148 గ్రామ సముదాయాలను నాలుగు వర్గాలుగా విడదీసి, మూడింటిలో సేద్యం, పోషణ గురించి వీడియోలు చూపించారు, సమావేశాలు పెట్టారు. నాలుగో దాన్ని పోలికకు ఉంచారు. పిల్లల, తల్లుల కంచంలో ఆహార రకాలు పెరిగాయి. పిల్లల బరువులో, తల్లుల శరీర పుష్టిలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. తెర అలవాటును కదిలించగలదు గానీ ఒంటికి పట్టే మార్పుకు తిండి, రాబడి, వైద్యం అన్నీ కలవాలి. ఊరూరా ప్రచార చిత్రం వేస్తే పని అయిపోయినట్టే అనుకునే అధికారులు చదవదగ్గ ఫలితమిది.

ప్రచారంతో పనిలేని ప్రదర్శనకు ఉన్న బలం వేరు. 1967లో క్యూబా దర్శకుడు ఆక్టావియో కోర్తసార్ తీసిన ‘మొదటిసారి’ అనే పది నిమిషాల చిత్రం కొండల్లో ఉన్న ఒక ఊరికి సంచార సినిమా వ్యాను వెళ్లడాన్ని చూపుతుంది. అంతవరకు సినిమా చూడని ఆ ఊరివాళ్లకు చాప్లిన్ ‘మోడరన్ టైమ్స్’ వేశారు. కెమెరా ఎక్కువగా తెరకేసి చూడదు. చూసేవాళ్ల ముఖాలనే చూస్తూ ఉంటుంది. మాటల అవసరం తక్కువగా ఉన్న సినిమాను ఎంచుకోవడంలో ఆ వ్యానువాళ్ల తెలివి కనిపిస్తుంది. పది భాషల మన్యంలో కూడా మాట తక్కువ, చేష్ట ఎక్కువ ఉన్న సినిమాలే ముందు వరసలో ఉండాలి. పిల్లల కోసమైతే చాప్లిన్‌కు ఇప్పటికీ పోటీ లేదు.

గాలి హాళ్లు

గుడ్డ తెరకూ పక్కా హాలుకూ మధ్య కొత్తరకం ఒకటి వచ్చింది: గాలి నింపితే లేచి నిలబడే థియేటర్. పిక్చర్‌టైమ్ సంస్థ వీటిని లారీలో తెచ్చి, కొన్ని గంటల్లో నిలబెట్టి, వంద పైచిలుకు సీట్లతో, ఏసీతో కొత్త సినిమాలే వేస్తుంది. 2021 ఆగస్టులో లేహ్‌లో 11,562 అడుగుల ఎత్తున దీన్ని పెట్టి చూపించారు. 2022లో తూర్పు గోదావరి జిల్లా రాజానగరంలో ‘ఆచార్య’తో ఇలాంటి థియేటర్ మొదలైంది. తెలంగాణలోని కుమురం భీం జిల్లా కేంద్రం ఆసిఫాబాద్‌లో వచ్చినదాన్ని మహిళా సంఘాలకు అప్పగించడం మన్యానికి పనికొచ్చే ఉదాహరణ. ఏజెన్సీ పట్టణం, చుట్టూ గోండు గూడేలు, నడిపేది స్థానిక స్త్రీలు. లేహ్‌కు ఎక్కినది అరకుకు ఎక్కదా అనిపిస్తుంది. ఎత్తు అడ్డు కాదు. లారీ తిరిగే చదును నేల, నిలకడైన కరెంటు, రోజూ వచ్చే ప్రేక్షకులు కావాలి. అరకు, పాడేరు, చింతపల్లి పట్టణాల్లో, అదీ పర్యాటకుల రాక ఉండే నెలల్లో, ఇది నిలదొక్కుకోవచ్చు. ముంచింగిపుట్టు అవతలి గూడేలకు మాత్రం గుడ్డ తెరే గతి.

అనుమతులు, వేళలు

ఆరుబయట ఉచితంగా వేస్తున్నాం కదా, ఎవరి అనుమతీ అక్కర్లేదనుకోవడం పొరపాటు. 1955 నాటి ఆంధ్రప్రదేశ్ సినిమాల నియంత్రణ చట్టం, దాని కింద 1970లో వచ్చిన నిబంధనల ప్రకారం సినిమా ప్రదర్శించే చోటుకు లైసెన్సు ఉండాలి. సంచార ప్రదర్శనలకు తాత్కాలిక లైసెన్సులు ఇస్తారు. సినిమాకు సెన్సారు సర్టిఫికెట్ ఉండాలి. హక్కుదారుడి అనుమతి 1957 కాపీరైట్ చట్టం కింద విడిగా తీసుకోవాలి. ఇంట్లో చూడటానికి కొన్న డిస్కు, ఓటీటీ చందా ఊరందరికీ చూపే హక్కు ఇవ్వవు. అరకు ప్రాంతం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వస్తుంది, 1996 పెసా చట్టం గ్రామసభకు పెద్దరికం ఇచ్చింది. ఊరి స్థలంలో తెర కట్టే ముందు గ్రామసభనూ పెద్దలనూ అడగడం మర్యాదకు మర్యాద, పనికి పని.

రుతువును కూడా ఊరే నిర్ణయిస్తుంది. వానాకాలంలో గెడ్డలు దాటి ఎవరూ రారు. నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలు, కాఫీ పళ్ల ఏరివేత మీద పడి చీకటి పడేసరికి అలసిపోయి ఉంటారు. జనవరి నెలాఖరు నుంచి చైత్రంలో ఇటికల పండుగ దాకా చేతిలో కాస్త డబ్బు, కాస్త తీరిక ఉంటాయి. మంచు తగ్గుతుంది, గాలివానలు ఇంకా మొదలవవు. ఒక్కరాత్రి సినిమాకు మన్యంలో అదే అసలైన కాలం.

ఇక వేళ. దేశ ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం అరకుకు కాస్త పడమరగా పోతుంది కాబట్టి ఇక్కడ గడియారం, సూర్యుడు దాదాపు కలిసే నడుస్తాయి. నవంబరు చివర ఐదుంబావు దాటగానే పొద్దు గూకుతుంది, ఆరింటికల్లా బొమ్మ వేయొచ్చు. రెండున్నర గంటల సినిమా విరామంతో కలిపి తొమ్మిదికి ముందే అయిపోతుంది. మే, జూన్‌లలో చీకటి పడటానికి ఏడుంబావు అవుతుంది. అదే సినిమా పదింటిని తాకుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడనివ్వవు. పండుగలు, ఉత్సవాల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో గరిష్ఠంగా పదిహేను రోజులు అర్ధరాత్రి పన్నెండు వరకు సడలింపు ఇవ్వొచ్చు. వేసవి జాతరలో రెండో ఆట వేయదలచుకున్నవాళ్ల దగ్గర ఆ సడలింపు ఉత్తర్వు ముందే ఉండాలి. లేనివాళ్లు మొదటాటతో సరిపెట్టుకోవాలి, అదీ పాటలు రెండు మూడు కోసి.